ఫోటోకు కట్టిన చీటీ

(హనుమకొండలో చేనేత, హస్తకళల చిన్న అమ్మకందారుల కోసం జరిగిన ఒక శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. వెనుక వరసలకు వినబడుతోందా? సరే.

ఆన్‌లైన్ దుకాణంలో సరుకుకు ట్యాగులు, అంటే అది ఏమిటో చెప్పే చిన్న గుర్తు మాటలు, పెట్టడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాట వినగానే సగం మంది ఫోన్లలోకి వెళ్లిపోతారని తెలుసు. అందుకే నేల మీద పరుచుకునే నూలు దర్రీ ఒకటి తెచ్చి ఈ బల్ల మీద పరిచాను. చివర్లో దానితో పని ఉంది. దయచేసి అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు.

నేను మొదట్లో పెళ్లి ఫోటోలు తీసేవాడిని. పెళ్లి ఫోటోలో ఎవరెవరు ఉన్నారో ఆ ఇంటివారికి తెలుసు, పేర్లు రాయాల్సిన అవసరం లేదు. సరుకు ఫోటో అలా కాదు. కొత్తవాడ దర్రీలు, పెంబర్తి ఇత్తడి పని, చేర్యాల నకాశీ బొమ్మలు తీయడం మొదలుపెట్టాక అది నాకు కొంచెం ఆలస్యంగా, కొంచెం నష్టంతో తెలిసింది.

నాలుగేళ్ల కిందట ఒక దర్రీల దుకాణానికి సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చింది. పాత దానిలోంచి సరుకు పేరు వచ్చింది, ధర వచ్చింది, ఫోటోలు వచ్చాయి. ట్యాగులు రాలేదు. మూడు వందల పైచిలుకు ఫోటోలు నా ముందు పేరూ ఊరూ లేకుండా నిలబడ్డాయి. తప్పు నాదే, ట్యాగులన్నీ ఆ దుకాణం డేటాబేసులో మాత్రమే ఉంచాను. కూర్చుని, కంటికి కనిపించినదాన్ని బట్టి మళ్లీ పెట్టాను. ఎరుపు, నలుపు, ఇక్కత్, పూల అంచు, ఇలాగ. వారం తిరగకుండానే ఆ దర్రీలు నేసిన పెద్దాయన మనవడి ఫోనులో దుకాణం చూసి నన్ను తన నులక మంచం దగ్గరికి పిలిపించారు.

“దీనికి ఇక్కత్ అని రాశావేమిటి బాబూ? ఇది అద్దకం.”

“ఫోటోలో రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ” అన్నాను.

“ఫోటోలో ఉంటాయి. వెనక్కి తిప్పి చూడు.”

తిప్పి చూశాను. అద్దకపు దర్రీకి వెనుక వైపు రంగు పలచగా, అక్కడక్కడ తెల్లనూలు కనిపిస్తూ ఉంటుంది. ఇక్కత్ అయితే నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతారు కాబట్టి రంగు దారం లోపలిదాకా ఉంటుంది, రెండు వైపులా ఒకటే బొమ్మ వస్తుంది. బొమ్మ అంచులు కూడా గీత గీసినట్టు తెగవు, కాస్త చెదిరినట్టు ఉంటాయి. ఆయనకు ఇదంతా చేయి పెడితే తెలుస్తుంది. నాకు ఫోటో చూస్తే తెలియలేదు. అసలు ఎవరికీ తెలియదు, ఎందుకంటే నేను తీసింది ముందు వైపు ఒక్కటే.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ పెద్దాయన నులక మంచం దగ్గరే ఉంది. సరుకు సంగతి తెలిసినవారు మగ్గం దగ్గర ఉంటారు. ట్యాగు పెట్టే గడి కంప్యూటరులో ఉంటుంది. ఈ రెంటి మధ్య దూరంలో వివరం జారిపోతుంది. జారకుండా ఉండాలంటే సరుకు చేతిలో ఉండగానే, తెలిసిన మనిషి పక్కనే ఉండగానే, ఆ వివరాన్ని ఫోటో ఫైలు లోపలే రాసేయాలి. ఫోటో ఎక్కడికి పోతే మాట అక్కడికి పోతుంది. ఎనుమాముల యార్డులో మిర్చి కుప్ప మీద లాటు చీటీ చూశారు కదా. ఆ చీటీ బస్తాతో ఉంటేనే విలువ. చీటీలన్నీ తెచ్చి ఆఫీసు బల్ల సొరుగులో పెట్టుకుంటే, ఏ బస్తా ఎవరిదో సాయంత్రానికి ఎవరు చెబుతారు? నా పాత దుకాణం సరిగ్గా ఆ సొరుగే.

ఫోటో లోపల రాయడం ఏమిటని కొందరు ముఖముఖాలు చూసుకుంటున్నారు. చెబుతాను. జేపెగ్ ఫైలులో, అంటే మామూలు ఫోటో ఫైలులో, బొమ్మతో పాటు కంటికి కనిపించని కొంత రాత ఉంటుంది. అందులో ఒక భాగం ఎగ్జిఫ్. అది కెమెరా తనంతట తాను రాసుకునేది: తేదీ, లెన్సు, వెలుతురు లెక్క. ఇంకో భాగం మనుషులు రాసేది. దాన్ని ఐపీటీసీ అంటారు. ఇంటర్నేషనల్ ప్రెస్ టెలికమ్యూనికేషన్స్ కౌన్సిల్ అని 1965లో వార్తాసంస్థలు కలిసి పెట్టుకున్న సంస్థ పేరు అది. పత్రికల వారికి మన కష్టమే ముందు వచ్చింది. ఫోటో ఒక దారిన, దాని కింద వేయాల్సిన వివరం ఇంకో దారిన వస్తే, ఎవరి ఫోటో కింద ఎవరి పేరు పడుతుందో చెప్పలేం. అందుకని 1990ల మొదట్లో ఫైలులోనే శీర్షికకు, వివరానికి, ఊరికి, వెతకడానికి పనికొచ్చే కీవర్డులనే మాటలకు వేరువేరు గడులు నిర్ణయించారు. ఫోటోషాప్ ఆ దశాబ్దం మధ్యలో ఆ గడులను జేపెగ్‌లోకి తెచ్చింది. 2001లో అడోబీ సంస్థ ఎక్స్ఎంపీ అని కొత్త పద్ధతి పెట్టింది. ఇప్పుడు ఒకే ఫోటోలో ఒకే కీవర్డు పాత గడిలో ఒకసారి, కొత్త గడిలో ఒకసారి ఉండవచ్చు.

చరిత్ర ఇంతటితో చాలు. ఈ రెండు గడుల సంగతి మాత్రం గుర్తుంచుకోండి, మీకు రాబోయే తలనొప్పుల్లో సగం అక్కడివే. కొన్ని ప్రోగ్రాములు కొత్త గడిలోనే రాస్తాయి. కొన్ని దుకాణాలు పాత గడినే చదువుతాయి. ఉదాహరణకు వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ ఫోటోను ఎక్కించుకునేటప్పుడు చూసేది పాత ఐపీటీసీ గడిని. మీరు శ్రద్ధగా రాశారు, ఫైలులో ఉంది, దుకాణానికి కనబడలేదు. తప్పు ఎవరిదీ కాదు, ఉత్తరం ఒక డబ్బాలో వేశారు, పోస్ట్‌మాన్ ఇంకో డబ్బా తెరిచాడు. రెండింటిలోనూ రాసే ప్రోగ్రాము వాడండి. డిజికామ్ ఉచితం, ఏ కంప్యూటరులోనైనా నడుస్తుంది. ఎగ్జిఫ్‌టూల్ కూడా ఉచితమే, కానీ దానికి బొమ్మల తెర ఉండదు, ఆజ్ఞలు టైపు చేయాలి. కాలేజీలో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఆ పని వారికి అప్పజెప్పండి, గంటలో పట్టేస్తారు.

ఇప్పుడు తెలుగులో రాసేవారికి ఎదురయ్యే ఒక చిక్కు. ఇది ఏ ఇంగ్లీషు వీడియోలోనూ దొరకదు, నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్నది. పాత ఐపీటీసీ గడిలో ఒక్కో కీవర్డుకు 64 బైట్ల చోటు మాత్రమే ఉంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు. వారికి 64 అక్షరాలు, కావలసినంత. తెలుగులో హల్లుకు మూడు, దాని గుణింతం గుర్తుకు మూడు, సున్నకు మూడు, పొల్లుకు మూడు. ‘నా’ అన్న ఒక్క అక్షరానికే ఆరు బైట్లు. ఒకసారి నేను ‘సహజ రంగులతో నేసిన జంఖానా’ అని కీవర్డు రాశాను. మంచి తెలుగు, మంచి అమ్మకపు మాట. దుకాణంలోకి వెళ్లాక చూస్తే ‘జంఖాన’ అని ఉంది, పక్కన ఒక నల్లటి ప్రశ్నార్థకం. రాత్రంతా జుట్టు పీక్కుని చివరికి వేళ్ల మీద లెక్కపెట్టాను. గుర్తులన్నీ కలిపి 21, మూడేసి బైట్ల చొప్పున 63, మధ్యలో ఖాళీలు మూడు. మొత్తం 66. చివరి దీర్ఘంలో ఒక బైటు లోపల పడింది, రెండు బైట్లు గడప బయట ఉండిపోయాయి. అందుకే ఆ ప్రశ్నార్థకం.

అది చూశాక నాకు అర్థమైంది, కీవర్డులో వాక్యం రాయకూడదు. ‘సహజ రంగులు’ ఒక కీవర్డు, ‘జంఖానా’ ఇంకొకటి. వాక్యం రాయాలని ఉంటే వివరం అనే గడి ఉంది, అందులో 2,000 బైట్లు పడతాయి. కొత్త ఎక్స్ఎంపీ గడికి ఈ కొలత లేదు. అయినా చిన్న మాటలే మంచివి, వెతికేవారు కూడా చిన్న మాటలతోనే వెతుకుతారు.

అన్నట్టు జంఖానా అన్నాను కదా. ఈ గదిలో దాన్ని జంపఖానా అనేవారు ఎందరు? చేతులెత్తండి. చూశారా. షత్రంజీ అనేవారు? పెద్దవాళ్లు ఇద్దరు. మిగిలినవారు దర్రీ అంటారు. నేసేది ఒకటే. నా పాత దుకాణంలో ఈ నాలుగు పేర్లతో నాలుగు ట్యాగులు ఉండేవి, దర్రీ అని నొక్కినవారికి సగం సరుకు కనిపించేది కాదు. ఇంట్లో ఎవరు ఏమని పిలిచినా ఫరవాలేదు, కీవర్డు మాత్రం ఒకటే ఉండాలి. ఒక నోటు పుస్తకంలో మీ మాటల జాబితా రాసుకోండి. యాభై, అరవై మాటలు మించవు. సరుకు రకం, పద్ధతి, ముడిసరుకు, రంగు, ఊరు. ఆ పుస్తకంలో లేని మాట ఫోటోలోకి వెళ్లకూడదు. కొత్త మాట కావాలంటే ముందు పుస్తకంలో రాసి, తరువాత ఫోటోలో రాయండి. జంపఖానా, షత్రంజీ అని వెతికేవారి కోసం ఆ పేర్లు దుకాణంలో సరుకు వివరణలో ఒక వాక్యంగా పెట్టండి.

ఊరి పేరు దగ్గర ఒక్క క్షణం ఆగుతాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ‘వరంగల్ దర్రీ’ అనేది ఇప్పుడు 1999 నాటి చట్టం కాపాడే పేరు. యంత్రం మీద ఇంకెక్కడో నేసినదానికి అమ్ముడుపోతుంది కదా అని ఆ ట్యాగు తగిలించడం చిన్న విషయం కాదు. చేర్యాల, పెంబర్తి, నిర్మల్, కరీంనగర్ వెండి తీగ పని, అన్నింటికీ ఇదే మాట. చేర్యాల బొమ్మ అంటే ఎర్రటి నేపథ్యం మీద గీసిన ప్రతి బొమ్మా కాదు. గుడ్డకు చింతగింజల గంజి, సుద్ద మట్టి, జిగురు పట్టించి దాని మీద నకాశీ చిత్రకారులు గీసినది. ఆ గుడ్డను చేత్తో తడిమినవారే ఆ కీవర్డు రాయాలి.

ఈ మధ్య కంప్యూటరే ఫోటో చూసి ట్యాగులు పెడుతుందని చెబుతున్నారు. పెడుతుంది, నేనూ వాడి చూశాను. పెంబర్తి ఇత్తడి తోరణం ఫోటో ఇస్తే ‘లోహం, పసుపు, అలంకారం, గోడ’ అంది. అబద్ధం ఏమీ లేదు. గోడ నిజంగానే ఉంది. కానీ గోడ మనం అమ్మడం లేదు. రంగుల వరకు దాన్ని వాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. వెనక్కి తిప్పి చూడడం దానికి రాదు.

ఇక ఫోటోలో రాసినది దుకాణంలో ట్యాగుగా ఎలా మారుతుంది? చాలామంది అది దానంతట అదే జరుగుతుందని అనుకుంటారు. జరగదు. వర్డ్‌ప్రెస్ కీవర్డులను చదివి ఫోటో తాలూకు సమాచారంలో దాచుకుంటుంది, అంతే. వర్డ్‌ప్రెస్ మీద దుకాణం నడిపే వూకామర్స్ సరుకుకు వాటిని ట్యాగులుగా అంటించదు. దానికి ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రాము పెట్టుకోవాలి, లేదా నేను చేసేలాగా పట్టిక దారిలో వెళ్లాలి. ఎగ్జిఫ్‌టూల్‌కు ఒక ఫోల్డరు చూపిస్తే అందులోని ప్రతి ఫోటోకు ఒక వరుస చొప్పున పట్టిక తీసి ఇస్తుంది. ఫైలు పేరు ఒక నిలువు గడిలో, కీవర్డులు ఇంకో నిలువు గడిలో. నేను ఫైలు పేరులోనే సరుకు నంబరు పెడతాను, కెమెరా ఇచ్చిన పేరు ఉంచను. ఆ నంబరు ఆధారంగా ఈ పట్టికను దుకాణం సరుకు పట్టికతో కలిపి, ట్యాగుల గడి నింపి, మళ్లీ ఎక్కిస్తాను. మూడు వందల ఫోటోలకు అరగంట పని. నాలుగేళ్ల కిందట అదే పనికి పదకొండు సాయంత్రాలు పట్టింది. ఆ పదకొండు సాయంత్రాలూ పెద్దాయన నా పక్కన కూర్చుని ఒక్కో దర్రీ తిప్పి చూపించారు, వారి ఇంటివారు ప్రతిరోజూ టీ ఇచ్చారు. ఆ టీ రుణం ఇంకా తీరలేదు.

ఈ దారిలో రెండు గుంతలు ఉన్నాయి. ఒకటి కామా. దుకాణాలు ట్యాగులను కామాతో విడదీస్తాయి. మీరు ‘ఎరుపు, నలుపు’ అని ఒకే కీవర్డుగా రాస్తే అది రెండు ట్యాగులై కూర్చుంటుంది. రెండోది ఎక్సెల్. పట్టికను నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే తెలుగు అంతా ఫ్రెంచి అక్షరాల పిచ్చిగీతలుగా కనిపించవచ్చు. భయపడి మళ్లీ టైపు చేయకండి, అలాగే భద్రం కూడా చేయకండి. మూసేసి, తెలుగును సరిగ్గా చదివించే యూటీఎఫ్-8 అనే పద్ధతి ఎంచుకుని ఎక్సెల్‌లోకి తెప్పించుకోండి. షాపిఫై అనే ఆన్‌లైన్ దుకాణాల సేవ వాడేవారికి ఒక మాట: అక్కడ ఒక సరుకుకు 250 ట్యాగుల దాకా పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు కదా అని పెట్టకండి. పది చాలు.

వాట్సాప్ గురించి అడుగుతారని ముందే చెబుతున్నాను. ఫోటోను మామూలుగా ఫోటోలాగా పంపితే అది బొమ్మను కుదించి, లోపలి రాతను తీసేస్తుంది. చీటీ తెగిపోయినట్టే. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. స్క్రీన్‌షాట్ తీస్తే అది కొత్త ఫోటో, పాత రాత ఏదీ రాదు. దుకాణం సాఫ్ట్‌వేర్ చిన్న బొమ్మలు తయారుచేసేటప్పుడు కూడా చాలాచోట్ల ఇదే జరుగుతుంది. అందుకని అసలు ఫైళ్లు ఒక డిస్కులో ఎప్పుడూ ఉండాలి. నేను రెండు డిస్కుల్లో ఉంచుతాను. ఒకటి మా అక్క ఇంట్లో.

ఇప్పుడు ఏమి రాయకూడదో చెబుతాను, దీనికి నా పరువు కొంత ఖర్చయింది. ఒక దర్రీకి అంచు కాస్త వంకరగా వచ్చింది. తక్కువ ధరకు ఇవ్వాలని నాకు గుర్తుండడానికి ఫోటోలో ‘అంచు వంకర’ అని కీవర్డు రాసుకున్నాను. నోటు పుస్తకంలో లేని మాట అది. నా నియమం నేనే తప్పాను. పట్టిక తీసినప్పుడు అదీ వచ్చింది, దుకాణంలో సరుకు కింద అందంగా ఒక ట్యాగు అయి కూర్చుంది. నాలుగు రోజుల తరువాత బెంగళూరు నుంచి ఒకావిడ ఫోను. “మీ దగ్గర ‘అంచు వంకర’ డిజైన్ ఒక్కటే ఉందాండీ? నాకు జత కావాలి.” పెద్దాయనకు చెబితే ఆయన చాలాసేపు నవ్వి, “ఇన్నేళ్లలో వంకర కావాలని అడిగినవారు ఈవిడే, నేసి ఇద్దాం” అన్నారు. నేయలేదు లెండి. ఆవిడకు నిజం చెప్పాను. ఆ ఒక్కదాన్నే తీసుకున్నారు.

ఫోటో లోపలి రాతను ఎవరైనా దించుకుని చదవగలరు. కొన్న ధర, లోపం, కొన్నవారి పేరు అక్కడ ఉండకూడదు. ఫోనుతో తీసే ఫోటోల్లో తీసిన చోటు కూడా అక్షాంశ రేఖాంశాలతో పడవచ్చు. మగ్గం ఇంట్లోనే ఉంటుంది కాబట్టి అది ఆ ఇంటి చిరునామాయే. ఎక్కించే ముందు ఆ భాగం తీసేయండి. ఇక ధర, నిల్వ, తగ్గింపు, ఇవి రేపు మారేవి. వాటి చోటు దుకాణం. వస్తువు ఉన్నంతకాలం మారనివే ఫోటోలోకి వెళ్లాలి.

(సభ నుంచి ఒకరు: నేసినవారి పేరు రాయవచ్చా?)

మంచి ప్రశ్న. వారి అనుమతితో తప్పకుండా రాయండి, కానీ కీవర్డుగా వద్దు. సృష్టికర్త అనే గడిలోనూ వద్దు, ఎందుకంటే అది ఫోటో తీసినవారి గడి. అక్కడ నేత కళాకారుడి పేరు రాస్తే ఫోటో ఆయన తీసినట్టు అవుతుంది. ఐపీటీసీలో ‘చిత్రంలోని కళాఖండం’ అని విడిగా ఒక గడుల గుంపు ఉంది. అందులో ఆ వస్తువు పేరు, చేసినవారి పేరు, నిల్వ నంబరు రాయవచ్చు. ఇంకా ‘చిత్రంలోని సరుకు’ అని కూడా ఒకటి ఉంది, బార్‌కోడు నంబరుతో సహా. మామూలు దుకాణాల సాఫ్ట్‌వేర్ వీటిని పట్టించుకోదు. అయినా నేను రాస్తాను. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనకు మన వరంగల్ తివాచీలు వెళ్లాయి. వాటిలో ఒక్కదాన్ని నేసిన మనిషి పేరు ఈ గదిలో ఎవరైనా చెప్పగలరా? అందుకే రాస్తాను.

(ఇంకొకరు: మేము చపాటా మిర్చి అమ్ముతాం. ఇవి రాస్తే గూగుల్‌లో ముందు వస్తామా?)

రారు. ఆ ఆశ పెట్టుకోవద్దమ్మా, అలా చెప్పి డబ్బు అడిగేవారికి ఇవ్వవద్దు. గూగుల్ ముఖ్యంగా చూసేది పేజీలో ఫోటో చుట్టూ ఉన్న రాతను, ఫోటోకు మీరు పెట్టిన ప్రత్యామ్నాయ వాక్యాన్ని, అంటే బొమ్మ కనబడనప్పుడు దాని బదులు వచ్చే వాక్యాన్ని. ఫోటో లోపల ఉన్న హక్కుల వివరాలను అది కొంత చూపిస్తుంది, అంతే. కీవర్డులు మీ దుకాణం లోపల సరుకు దొరకడానికి. మీ మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ పేరు పేజీలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ స్పష్టంగా రాయండి. ఇంకో సంగతి, మిర్చి దర్రీ లాంటిది కాదు. పోయిన ఏడాది పంట ఫోటోనే ఈ ఏడాది కూడా వాడుతుంటారు. ఫోటోలో పంట ఏడాది కీవర్డుగా రాస్తే, వచ్చే ఏడాది ఆ ఫోటో మిమ్మల్నే పట్టిస్తుంది. రాయండి. పట్టిస్తేనే కొత్త ఫోటో తీస్తారు.

సమయం అయిందని సైగ చేస్తున్నారు. మిగిలింది ఈ దర్రీ ఒక్కటే. దీని ఫోటో తెర మీద ఉంది, కీవర్డుల గడి ఖాళీగా ఉంది. దర్రీల సంగతి తెలిసినవారు ఒకరు ముందుకు రావాలి. మీరు చెప్పండి, నేను టైపు చేస్తాను. రండమ్మా, మీరే రండి. రకం దర్రీ, సరే. నూలు, సరే. రంగులు నీలం, తెలుపు. పద్ధతి?

తెర వైపు చూడకండమ్మా. తిప్పండి.